విదేశాల్లోని చిన్నపిల్లల ఉపాధ్యాయులతో పరిచయం: ఎక్కడ మొదలుపెట్టాలి?

చెన్నై వేళచ్చేరిలోని ఒక ప్రీస్కూల్‌లో ఐదేళ్లుగా ఎల్‌కేజీ పిల్లలను చూస్తున్నాననీ, ఇతర దేశాల్లో ఇదే పని చేసేవారితో పరిచయం పెంచుకొని నేర్చుకోవాలని ఉందనీ, కానీ ఇంగ్లీషు ధారాళంగా రాదనీ, విదేశీ సదస్సులకు వెళ్లే స్తోమత లేదనీ, బడి కరస్పాండెంట్ ఒప్పుకుంటారో లేదో తెలియదనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ మీరు అడిగారు. నేను పెరంబూరులో 26 ఏళ్లు మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లల మధ్య గడిపాను. వారిలో దాదాపు సగం మంది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, బడిలో ఇంగ్లీషు వినే పిల్లలు. గత 14 ఏళ్లుగా జపాన్‌లో ఒకరితో, న్యూజిలాండ్‌లో ఒకరితో, ఫిన్లాండ్‌లో ఒకరితో మా మా తరగతుల గురించి ఉత్తరాలు రాసుకుంటున్నాము. ఆ ముగ్గురిలో ఎవరినీ నేను నేరుగా కలవలేదు. అయినా నా పనిలో నేను చేసుకున్న ముఖ్యమైన మార్పులు చాలావరకు ఆ ఉత్తరాల నుంచే వచ్చాయి కనుక, మీ ప్రశ్నకు కాస్త విపులంగానే జవాబు రాస్తున్నాను.

ఈ ఆలోచన వచ్చిన వారు చాలామంది మొదట సంస్థల పేర్లు వెతుకుతారు. సభ్యత్వం తీసుకుంటారు, వాట్సాప్ గ్రూపుల్లో చేరతారు, పండుగ శుభాకాంక్షలూ అలంకరించిన గోడల ఫోటోలూ పంచుకుంటారు, ఆరు నెలలు తిరిగేసరికి ఆ పరిచయం ఎండిపోతుంది. నా మొదటి రెండేళ్లు కూడా అలాగే గడిచాయి. "మీ దేశంలో చిన్నపిల్లల చదువు ఎలా ఉంటుంది?" అని అడిగితే ఎవరూ పనికొచ్చే జవాబు ఇవ్వలేరు, ఎందుకంటే అది వారి చేతిలో లేని విషయం. "మా గదిలో ఒక పాప మూడు వారాలుగా వాళ్లమ్మ కొంగు వదలడం లేదు, మీ దగ్గర అలాంటి బిడ్డ వస్తే మొదటి వారం ఏం చేస్తారు?" అని అడిగితే మాత్రం, ఏ దేశపు ఉపాధ్యాయిని అయినా ఒక్క క్షణం ఆగి, తన గదిలోని ఒక బిడ్డను తలచుకొని, ఓపికగా రాస్తుంది. కనుక మీరు వెతకవలసింది ముందుగా మీ గదిలోనే ఉంది. ఒక నెల పాటు రోజూ పిల్లలు ఇళ్లకు వెళ్లాక పది నిమిషాలు కూర్చొని, ఆ రోజు మీకు అంతుపట్టని ఒక్క సంఘటనను తెలుగులోనే రాసి పెట్టుకోండి. నెలాఖరుకు వాటిలో నాలుగైదు ఒకే సందేహం చుట్టూ తిరుగుతున్నట్టు కనిపిస్తాయి. ఆ సందేహమే మీ మొదటి ఉత్తరానికి విషయం.

నా విషయంలో ఆ సందేహం పిల్లల తగాదాల గురించి. 28 మంది నాలుగేళ్ల పిల్లలు, వారికి నేను, ఒక ఆయమ్మ. బొమ్మ లారీ కోసం ఇద్దరు జుట్టూ జుట్టూ పట్టుకుంటే నేను పరుగెత్తి విడదీసి, ఒకరి చేత సారీ చెప్పించి, లారీని అలమారలో పెట్టేసేదాన్ని. గొడవ అప్పటికి ఆగేది, మరునాడు అదే ఇద్దరు అదే లారీ కోసం మళ్లీ కొట్టుకునేవారు. జపాన్ ఉపాధ్యాయినికి ఈ సంగతి రాసినప్పుడు ఆమె తన జవాబులో "మిమమోరు" అనే మాట వాడింది. కంటితో కాపు కాస్తూ మధ్యలో కల్పించుకోకుండా ఉండడం అని దాని భావం. మన మాటల్లో "కనిపెట్టుకొని ఉండడం" దానికి చాలా దగ్గరగా వస్తుంది. ఎవరికీ దెబ్బ తగలదని అంచనా ఉన్నంతసేపూ టీచర్ కల్పించుకోదు, అయితే తాను చూస్తున్నట్టు పిల్లలకు తెలిసేంత దగ్గరలో నిలబడుతుంది. పట్టించుకోకపోవడం వేరు, కనిపెట్టుకొని ఉండడం వేరు అని ఆమె మూడు ఉత్తరాల్లో మూడు రకాలుగా వివరించింది. టీచర్ ఆగడం వల్ల ఆ ఇద్దరికే కాక చుట్టూ ఉన్న పిల్లలకూ పని దొరుకుతుందని, వారిలో ఎవరో ఒకరు మధ్యకు వచ్చి తగవు తీర్చడం నేర్చుకుంటారని ఆమె రాసింది. నేను ఆగడం నేర్చుకోవడానికి ఒక విద్యాసంవత్సరం పట్టింది. మొదట్లో మనసులో పది అంకెలు లెక్కపెట్టుకునేదాన్ని. ఒకనాడు ఏడో అంకె దగ్గర ఒక పాప వెళ్లి, లారీకి తాడు కట్టి, ఒకరిని లాగమని, ఒకరిని వెనకనుంచి తొయ్యమని చెప్పింది. ఆ పరిష్కారం నాకు తట్టి ఉండేది కాదు.

ఇలాంటి సంభాషణకు పరిశోధకులు ఏనాడో ఒక దారి చూపారు. 1980లలో అమెరికాకు చెందిన జోసెఫ్ టోబిన్, ఆయన సహచరులు జపాన్, చైనా, అమెరికాల్లోని ప్రీస్కూళ్లలో ఒక్కొక్క రోజును వీడియో తీసి, ఒక దేశపు వీడియోను మిగతా దేశాల ఉపాధ్యాయులకు చూపించి వారి అభిప్రాయాలు సేకరించారు. క్యోటోలోని ఒక బడిలో అల్లరి చేస్తున్న బాలుణ్ని టీచర్ ఆపకుండా వదిలేయడం అమెరికా ఉపాధ్యాయులకు వింతగా కనిపించింది, జపాన్ వారికి అది ఆలోచించి చేసిన పని. ఆ వీడియో ఎవరు మంచి టీచరో తేల్చడానికి కాదు, చూసినవారి మనసులో ఉన్న నమ్మకాలను బయటికి రప్పించడానికి. మీరు వీడియో తీయనక్కర్లేదు, తీయకపోవడమే మంచిది, దాని కారణం కిందికి వచ్చాక చెబుతాను. ఐదు నిమిషాల సంఘటనను ఉన్నదున్నట్టు, మీ తీర్పు కలపకుండా రాసి పంపి, "ఈ చోట మీరైతే ఏం చేసేవారు?" అని అడగడమే చాలు.

అయితే ఒక దేశపు పద్ధతిని తెచ్చుకునేటప్పుడు ఆ గదిలో పెద్దవారు ఎందరు, పిల్లలు ఎందరు అన్నది తప్పకుండా అడగండి. ఫిన్లాండ్‌లో మూడేళ్లు దాటిన పిల్లలు పూర్తి రోజు ఉండే చోట ప్రతి ఏడుగురికి ఒక ఉద్యోగి ఉండాలి. మన దేశంలో చిన్నపిల్లల సంరక్షణ, విద్యలపై 2013 నాటి జాతీయ విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 20 మందికి ఒకరు చొప్పున ఉండాలని చెప్పింది. మన ప్రైవేటు బడుల్లో అది ఎంతవరకు అమలవుతోందో మీకు తెలుసు. జపాన్ కిండర్‌గార్టెన్లలో ఒక తరగతికి 30 మంది దాకా కూడా ఉండవచ్చు, పైగా గుంపు పెద్దదైతేనే పిల్లలు కలిసి మెలగడం నేర్చుకుంటారని నమ్మే ఉపాధ్యాయులు అక్కడ ఉన్నారు. ఫిన్లాండ్ స్నేహితురాలు ప్రతి బిడ్డతో విడిగా గడిపే సమయం గురించి రాసినప్పుడు నాకు దిగులు పుట్టేది, జపాన్ స్నేహితురాలు రాసినది మరునాడే ప్రయత్నించి చూడగలిగేదాన్ని. మొదటి పరిచయం మీలాంటి పెద్ద తరగతి ఉన్నవారితో మొదలుపెట్టమని నా సలహా. ఇండోనేషియా, ఫిలిప్పీన్స్, శ్రీలంక ఉపాధ్యాయులను మనం అసలు తలచుకోము, నిజానికి మన ఇబ్బందులు ఎక్కువగా కలిసేది వారితోనే.

ఇక ఇంగ్లీషు సంగతి. ఈ భయాన్ని మీరు తీసి పక్కన పెట్టవచ్చు, ఎందుకో మన నగరపు చరిత్రే చెబుతుంది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఇటలీ విద్యావేత్త మరియా మాంటిస్సోరి అడయారు వచ్చి ఉపాధ్యాయ శిక్షణ తరగతి నడిపారు. ఆమె బోధించింది ఇంగ్లీషులో కాదు. ఆమె ఇటాలియన్‌లో మాట్లాడుతుంటే కుమారుడు మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చి చెప్పేవారు. వినేవారిలో చాలామందికి ఆ ఇంగ్లీషు కూడా మాతృభాష కాదు. మరుసటి ఏడాది ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఆమెపై ఆంక్షలు వచ్చాయి, కొన్ని నెలలకని వచ్చిన మనిషి 1946 వరకు ఈ దేశంలోనే ఉండిపోయారు. ఇటాలియన్ నుంచి ఇంగ్లీషులోకి, అక్కడి నుంచి తమిళం, తెలుగు, గుజరాతీ మనసుల్లోకి వెళ్లిన ఆ మాటలే ఈనాటికీ మన దేశంలోని మాంటిస్సోరి బడులకు పునాది. జపాన్, ఫిన్లాండ్, ఇటలీ ఉపాధ్యాయులకు కూడా ఇంగ్లీషు నేర్చుకున్న భాషే. చిన్న వాక్యాలు రాయండి, ఒక వాక్యంలో ఒక్క సంగతే చెప్పండి. ఫోనులోని అనువాద సాధనాన్ని వాడుకోవచ్చు, కానీ అది ఇచ్చినదాన్ని తిరిగి తెలుగులోకి మార్పించి చదువుకోండి, తప్పులు అక్కడే బయటపడతాయి.

అంతకంటే ముఖ్యంగా, ఇంగ్లీషులో ఇమడని తెలుగు మాటను బలవంతంగా మార్చకండి. మా తరగతిలో ఒక బాబు తన చెప్పులు తాను తొడుక్కోగలడు, అయినా ఇంటికి వెళ్లే వేళకు నా ముందు కాళ్లు చాపి కూర్చొని తొడగమనేవాడు. దీన్ని ఇంగ్లీషులో రాయబోతే నాకు దొరికిన మాటలన్నీ ఆ బిడ్డను తప్పుపట్టేవే: చెడిపోయిన పిల్లవాడనీ, ఇతరులపై ఆధారపడేవాడనీ. చివరికి "గారాలు పోవడం" అని తెలుగులోనే రాసి, ఇంట్లో అమ్మమ్మ ముందు, బయట తనకు బాగా నచ్చినవారి ముందు మాత్రమే పిల్లలు అలా చేస్తారనీ, అది చేతకానితనం కాదు, చనువనీ దాని కింద నాలుగు వాక్యాలు చేర్చాను. జపాన్ నుంచి వచ్చిన జవాబు మొదటి వాక్యంలోనే "అమయె" అన్న మాట ఉంది. ఎదుటివారి ప్రేమను నమ్ముకొని వారిపై వాలిపోవడాన్ని జపాన్ వారు అలా అంటారు. తకెవొ దోయి అనే మానసిక వైద్యుడు 1971లో ఆ భావన గురించి విస్తృతంగా రాశాక అది దేశదేశాల్లో చర్చకు వచ్చింది. ఇంగ్లీషులో సరైన మాట లేని ఈ భావానికి మా ఇద్దరి భాషల్లోనూ మాట ఉంది. అటువంటి బాబుకు ఒక కాలి చెప్పు తాను తొడిగి, రెండోది వాణ్నే తొడుక్కోమంటానని ఆమె రాసింది. నేను అప్పటిదాకా "నీకు వచ్చుగా, నువ్వే వేసుకో" అని పంపేసేదాన్ని. ఒక్క కాలి చెప్పు తొడిగినందువల్ల ఆ బాబుకు నా దగ్గర దొరికిన నెమ్మదిని చూశాక, అన్నీ స్వయంగా చేసుకోవడమే ఎదుగుదల అన్న నా పట్టుదల సడలింది. మీ ఉత్తరాల్లో మారాం, పేచీ, దిష్టి, సముదాయించడం వంటి మాటలు వస్తే వాటిని అలాగే ఉంచి వివరించండి. మంచి సంభాషణ చాలాసార్లు ఆ మాట దగ్గరే మొదలవుతుంది.

న్యూజిలాండ్ నుంచి నాకు వచ్చింది రాసే పద్ధతి. అక్కడి చిన్నపిల్లల విద్యాప్రణాళిక పేరు "తె ఫారికి", 1996లో వచ్చింది, 2017లో సవరించారు. అక్కడి మూలవాసుల భాష అయిన మావొరిలో ఆ పేరుకు అల్లిన చాప అని అర్థం. నాలుగు సూత్రాలు, బిడ్డ క్షేమం, తనవారన్న భావన, పాలుపంచుకోవడం, భావప్రకటన, అన్వేషణ అనే ఐదు పాయలు కలిపి ప్రతి బడీ తన చాపను తాను అల్లుకోవాలన్నది అందులోని ఊహ. దాన్ని రూపొందించినవారిలో ఒకరైన మార్గరెట్ కార్, పిల్లలకు మార్కులు, టిక్కులు వేసే బదులు వారు నేర్చుకుంటున్న క్షణాన్ని చిన్న కథగా రాయడాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఆ కథను చాలాసార్లు నేరుగా బిడ్డనే ఉద్దేశించి రాస్తారు. నేను తెలుగులో రాసిన మొదటిది ఇలా ఉంది: "చిన్నీ, ఈ రోజు నువ్వు కొబ్బరిచిప్పలో నీళ్లు పట్టుకొని ఇసుక దాకా నడిచావు. సగం దారిలోనే నీళ్లు ఒలికిపోయాయి. నువ్వు ఏడవలేదు. ఆగి చిప్ప వైపు చూశావు. రెండోసారి చిప్ప కింద ఇంకో చెయ్యి పెట్టి, అడుగులు చిన్నవి చేశావు. ఈసారి నీళ్లు ఇసుక దాకా వచ్చాయి. రేపు గిన్నె కూడా పెడతాను, ఏది తీసుకుంటావో చూస్తాను." ఈ కాగితం ఇంటికి వెళ్లింది. ఆ పాప నానమ్మ చదివి, తమ ఊళ్లో బావి నుంచి బిందె ఎలా మోసేవారో నాలుగు పంక్తులు కింద రాసి పంపింది. అంతకుముందు మూడేళ్లుగా మేము ఇంటికి పంపుతున్న ప్రగతి పత్రాలపై ఏ ఇంటి నుంచీ సంతకం తప్ప మరో అక్షరం రాలేదు.

తీసుకోవడం గురించే ఇంతసేపు రాశాను. ఇవ్వడానికి మన దగ్గర ఏముందన్న ప్రశ్న మీకు వచ్చి ఉంటుంది, నాకూ వచ్చింది. న్యూజిలాండ్ స్నేహితురాలి తరగతిలోకి రకరకాల దేశాల నుంచి వలస వచ్చిన పిల్లలు చేరుతూ ఉండగా, ఒకే గదిలో నాలుగు భాషలను ఎలా నడుపుతావని ఆమె నన్ను అడిగింది. నేను దాన్ని ఒక పద్ధతి అని ఎన్నడూ అనుకోలేదు. ఆమె అడిగాక నన్ను నేనే గమనించుకున్నాను: ఏడుస్తున్న బిడ్డను ఎప్పుడూ ఇంటి భాషలోనే ఊరడిస్తాను, ఆట నియమాలు తమిళంలో చెబుతాను, ఎందుకంటే అందరికీ వీధిలో వినిపించేది అదే, కథ చెప్పేటప్పుడు కాకి తమిళంలో, నక్క తెలుగులో మాట్లాడుతుంది, పిల్లలు ఒకరికొకరు అర్థం చెప్పుకుంటారు. ఇది మన చెన్నై, బెంగళూరు టీచర్లు, అంగన్‌వాడీ కార్యకర్తలు రోజూ చేసే పనే, కానీ ఒకే భాషలో పెరిగిన ఉపాధ్యాయులకు ఇది శిక్షణ తీసుకోవలసినంత విషయం. బదులుగా, మావొరి భాష తరిగిపోతుంటే 1982లో న్యూజిలాండ్ అవ్వలు, తాతలు పూనుకొని "కోహంగ రెయొ", అంటే భాషా గూళ్లు, ప్రారంభించి పసిపిల్లలతో పూర్తిగా మావొరిలోనే మాట్లాడిన చరిత్ర ఆమె నాకు రాసింది. చెన్నైలో మూడో తరం తెలుగు పిల్లలు తెలుగు విని తమిళంలో జవాబు చెప్పడం నేను రోజూ చూసేదాన్ని కనుక ఆ ఉత్తరాన్ని చాలాసార్లు చదువుకున్నాను. ఆ తరువాతే వారానికి ఒక రోజు అమ్మమ్మలను, తాతయ్యలను తరగతికి పిలవడం మొదలుపెట్టాము.

రెండు గదులకూ ఉమ్మడిగా ఉండే ఒక వస్తువును ఎంచుకోవడం కూడా బాగా పనిచేస్తుంది. మాకు అది వామనగుంటల పలక. మన ఇళ్లలో వామనగుంటలు, తమిళంలో పల్లాంగుళి, కన్నడంలో అళిగుళి మణె, మలేషియాలో చొంకాక్, ఫిలిప్పీన్స్‌లో సుంకా, ఘానాలో ఒవారె. మన పలకకు 14 గుంటలు, ఒవారె పలకకు 12. గింజలు ఒక్కొక్కటిగా వేసుకుంటూ పోవడంలో నాలుగేళ్ల బిడ్డ ఒక వస్తువుకు ఒక అంకె అన్న సంగతిని చేతితో నేర్చుకుంటుంది, తన వంతు కోసం ఆగడం నేర్చుకుంటుంది. ఇక్కడ నా పొరపాటు ఒకటి చెప్పాలి. ఉత్సాహంలో చింతగింజలు నింపిన పొట్లాన్ని న్యూజిలాండ్‌కు పోస్టులో పంపాను. బయటి విత్తనాలను, శుద్ధి చేయని కర్రను లోపలికి రానివ్వకుండా న్యూజిలాండ్, ఆస్ట్రేలియా చాలా కట్టుదిట్టంగా ఉంటాయి, ఆ పొట్లం ఆమెకు చేరలేదు. తాటాకు బొమ్మలు, ఎండిన పూలు, గడ్డితో చేసినవి, గింజలు పంపకండి. ఆ తరువాత మేము పలక కొలతలు, గుంటల లెక్క, ఆట నియమాలు మాత్రమే రాసి పంపాము. వాళ్లు గుడ్ల అట్టపెట్టెతో పలక చేసుకొని, గుండీలతో ఆడారు. నిజానికి అదే మేలైంది, ఎందుకంటే తయారుచేయడం కూడా పిల్లల చేతికే వచ్చింది.

మనుషులను ఎక్కడ వెతకాలన్నది ఇప్పుడు చెప్పడం తేలిక. నేనైతే మొదట మీ బంధువుల్లో, పాత విద్యార్థుల తల్లుల్లో వెతకమంటాను. పెళ్లయి ఆస్ట్రేలియాకో అమెరికాకో సింగపూరుకో వెళ్లిన మన అమ్మాయిలు అక్కడ చిన్నపిల్లల సంరక్షణ కోర్సు చదివి ప్రీస్కూళ్లలో, డేకేర్లలో పనిచేస్తున్నారు. వారితో మీరు తెలుగులోనే మాట్లాడవచ్చు, అక్కడి గదినీ మన గదినీ రెంటినీ ఎరిగినవారు కనుక తేడాలు సూటిగా చెప్పగలరు, తమ సహోద్యోగుల్లో ఒకరిని మీకు పరిచయం చేయగలరు. నాకు న్యూజిలాండ్ పరిచయం ఆ దారిలోనే దొరికింది. సంస్థల విషయానికి వస్తే, 1948లో ప్రాగ్‌లో ఏర్పడిన ప్రపంచ బాలవిద్యా సంస్థ ఒమెప్‌కు అనేక దేశాల్లో జాతీయ శాఖలు ఉన్నాయి. 2008లో మొదలైన ఆర్నెక్ (ARNEC) అనే చిన్నపిల్లల విద్యా కూటమి మన ఆసియా పసిఫిక్ ప్రాంతానికి చెందినది, ఆన్‌లైన్ సమావేశాలు నడుపుతుంది, మీలాంటివారికి ఇదే ఎక్కువ దగ్గర. మాంటిస్సోరి శిక్షణ పొంది ఉంటే మీ శిక్షణ కేంద్రపు పూర్వ విద్యార్థులను అడగండి. ఆన్‌లైన్ సమావేశంలో ఎవరైనా మీ సందేహానికి దగ్గరగా ఒక ప్రశ్న అడిగితే, ఆమె పేరు రాసుకొని, ఆ ప్రశ్నను ప్రస్తావిస్తూ రెండు రోజుల్లో ఉత్తరం రాయండి. వేదికపై మాట్లాడిన ప్రముఖులకు రాసిన ఉత్తరాలకు నాకు జవాబు రాలేదు, ప్రశ్న అడిగినవారికి రాసిన వాటికి వచ్చింది.

రెజ్జో ఎమీలియా గురించి మీరు తప్పక వింటారు. ఇటలీలోని ఆ పట్టణ పురపాలక సంఘం 1963లో తన మొదటి శిశు పాఠశాలను తెరిచింది, లోరిస్ మలగుజ్జి మార్గదర్శకత్వంలో అక్కడ ఎదిగిన ఆలోచన ప్రపంచమంతా వ్యాపించింది. ఆ పేరు బోర్డుపై రాసి, వెలుగు బల్లలు కొని, ఫీజు పెంచిన బడులను నేను ఈ నగరంలో చూశాను. మీకు ఆసక్తి ఉంటే, అక్కడి ఉపాధ్యాయులు పిల్లల మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసుకొని, వాటిని కలిసి కూర్చొని చదువుకునే అలవాటును గమనించండి. అందుకు నోటు పుస్తకం తప్ప ఖర్చు లేదు.

సమయం, సెలవులు కూడా లెక్కలోకి తీసుకోవాలి. మనకు ఉదయం 7 గంటలైతే న్యూజిలాండ్‌లో కాలాన్ని బట్టి మధ్యాహ్నం 1.30 లేదా 2.30; మనకు మధ్యాహ్నం 2 గంటలైతే జపాన్‌లో సాయంత్రం 5.30, ఫిన్లాండ్‌లో చలికాలంలో ఉదయం 10.30, వేసవిలో 11.30. నేరుగా మాట్లాడడం ఏడాదికి రెండు మూడుసార్లు చాలు, ఉత్తరమే మేలు, ఆలోచించి రాయడానికి వ్యవధి ఉంటుంది. జపాన్‌లో బడులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, న్యూజిలాండ్‌లో జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో, ఫిన్లాండ్‌లో ఆగస్టులో. జూన్‌లో మన గదుల్లో ఏడుపులు నిండి ఉన్నప్పుడు న్యూజిలాండ్ పిల్లలు బడికి అలవాటుపడి నాలుగు నెలలు దాటుతుంది. ఆ తేడా లాభమే, మీ ప్రశ్నకు ఆమె దగ్గర తాజా అనుభవం సిద్ధంగా ఉంటుంది.

ఇక వీడియోలు, ఫోటోలు. పిల్లల ముఖాలు కనిపించే ఫోటో ఒక్కటి కూడా పంపకండి, పూర్తి పేరు రాయకండి, బడి చిరునామాతో బిడ్డ వివరాలు కలపకండి. 2023లో వచ్చిన మన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారి సమాచారాన్ని వాడడానికి తల్లిదండ్రుల ధ్రువీకరించదగిన సమ్మతి అవసరం, యూరప్ దేశాల నియమాలు కూడా కఠినమైనవే. చట్టం మాట అటుంచినా, తన గురించి ఎక్కడికి ఏం వెళుతోందో తెలియని బిడ్డ తరఫున జాగ్రత్త పడవలసింది మనమే. చేతులు, వేసిన బొమ్మ, కట్టిన ఇసుక గూడు, వీపు వైపు నుంచి తీసిన ఫోటో చాలు. వాటికి కూడా తల్లిదండ్రులకు అర్థమయ్యే భాషలో, మన దగ్గరైతే తమిళంలో, తెలుగులో, ఒక పేజీ సమ్మతి పత్రం రాసి, నోటితో వివరించి, ఆ తరువాతే సంతకం తీసుకోండి. వద్దన్న తల్లిని రెండోసారి అడగకండి.

ఇలా పరిచయాలు వెతుకుతుంటే, అంతర్జాతీయ ఉత్తమ ఉపాధ్యాయ పురస్కారానికి మీరు ఎంపికయ్యారు, నమోదు రుసుము కట్టండి అంటూ ఉత్తరాలు వస్తాయి. నేను ఒకసారి కట్టాను. ఇంటికి వచ్చింది నా పేరు తప్పుగా ముద్రించిన ఒక కాగితం. మీ తరగతి గురించి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా మీకు గౌరవం ఇస్తామనేవారికి జవాబు రాయకండి.

చివరగా, మీ కరస్పాండెంట్ ఒప్పుకుంటారో లేదో అన్నారు. అనుమతి తప్పకుండా తీసుకోండి, కానీ "విదేశీ బడితో సంబంధం" అని అడగకండి, ఆ మాట వినగానే అది అడ్మిషన్ల కరపత్రంలోకి ఎక్కుతుంది, ఆ తరువాత మీ ఉత్తరాల్లో నిజం రాయడం కష్టమవుతుంది. "నా తరగతిలో పిల్లల తగాదాలు తగ్గించడానికి మరో ఉపాధ్యాయినితో చర్చించాలనుకుంటున్నాను, పిల్లల పేర్లు, ముఖాలు బయటికి పోవు" అని రాతపూర్వకంగా అడగండి. జూన్, జూలై నెలల్లో సంఘటనలు రాసి పెట్టుకొని, ఆగస్టు చివర మొదటి ఉత్తరం పంపండి. అప్పటికి ఫిన్లాండ్ వేసవి సెలవులు పూర్తవుతాయి, జపాన్‌లోనూ బడులు మళ్లీ తెరుస్తారు. ఉత్తరంలో మీ గది కొలత, పిల్లల సంఖ్య, వారు ఇంట్లో మాట్లాడే భాషలు, ఒక సంఘటన, ఒక ప్రశ్న ఉంటే చాలు, ఒక పేజీ దాటనక్కర్లేదు. పంపేముందు తెలుగు ముసాయిదాను నాకు చూపించాలనుకుంటే సంతోషంగా చదువుతాను. ముఖ్యంగా ఆ సంఘటనను తీర్పు కలపకుండా రాశారో లేదో చూసి చెబుతాను, మొదట్లో అందరికీ కష్టమనిపించేది అదే.